విలియం షాక్లీ

విలియం బ్రాడ్‌ఫర్డ్ షాక్లీ (ఫిబ్రవరి 13, 1910 - ఆగస్టు 12, 1989) అమెరికాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త. ట్రాన్సిస్టరు ఆవిష్కరణకు గాను జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెన్‌లతో కలిసి 1956లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. సంధి ట్రాన్సిస్టరు సిద్ధాంతాన్ని రూపొందించినవాడు ఈయనే. నేడు థైరిస్టరు అని పిలవబడుతున్న నాలుగు పొరల అర్ధవాహక సాధనానికి బీజం వేసినవారిలో కూడా ఈయన ముఖ్యుడు. ఆ నాలుగు పొరల సాధనాన్ని తాను అనుకున్న రూపంలోనే తయారు చేయాలన్న పట్టుదల వల్ల షాక్లీ తన సహచరులను, సంస్థను కూడా పోగొట్టుకున్నాడు. అదే సాధనం ఇతరుల చేతిలో చిన్న మార్పుతో ప్రపంచమంతటా వ్యాపించింది. విశాఖ మన్యం సరిహద్దుల్లోని దిగువ సీలేరు నుండి 1989లో ప్రారంభమైన డి.సి. విద్యుత్ లైను కూడా థైరిస్టర్ల మీదనే నడిచింది.

బాల్యం, విద్యాభ్యాసం

షాక్లీ లండన్ నగరంలో అమెరికన్ దంపతులకు జన్మించాడు. తండ్రి విలియం హిల్‌మన్ షాక్లీ గనుల ఇంజనీరు. తల్లి పేరు మే బ్రాడ్‌ఫర్డ్. షాక్లీకి మూడేళ్ళ వయసులో కుటుంబం కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోకు చేరింది. 1932లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నుండి పట్టా పొందాడు. 1936లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నుండి డాక్టరేటు సంపాదించాడు. ఆయన పరిశోధనాంశం సోడియం క్లోరైడు స్ఫటికంలో, అంటే మామూలు ఉప్పులో, ఎలక్ట్రానుల శక్తి పట్టీలు. స్ఫటికంలో ఎలక్ట్రానులు ఎలా మెలగుతాయి అన్న ప్రశ్న ఆయనను జీవితాంతం వదలలేదు.

బెల్ ప్రయోగశాల

1936లోనే షాక్లీ బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో చేరాడు. అప్పటి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలలో కాల్స్‌ను కలపడానికి విద్యుదయస్కాంత రిలేలు, మాటలను బలపరచడానికి వాక్యూమ్ ట్యూబులు వాడేవారు. రిలేలు అరిగిపోయేవి, ట్యూబులు వేడెక్కి కాలిపోయేవి. కదిలే భాగాలు లేని, వేడి చేయనక్కరలేని స్విచ్చి కావాలన్నది బెల్ సంస్థ అవసరం. ఇది షాక్లీ మనసులో బలంగా నాటుకుంది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన జలాంతర్గాముల వేటకు సంబంధించిన గణిత విశ్లేషణలో పని చేశాడు. ఆ సేవలకు 1946లో అమెరికా ప్రభుత్వం మెడల్ ఫర్ మెరిట్ ఇచ్చింది. యుద్ధం ముగిసిన తరువాత బెల్‌లో ఘనస్థితి భౌతిక శాస్త్ర బృందానికి నాయకులలో ఒకడయ్యాడు. విద్యుత్ క్షేత్రంతో అర్ధవాహకంలోని కరెంటును అదుపు చేయాలని 1945లో ఆయన చేసిన ప్రయత్నం ఫలించలేదు. ఉపరితలంలో చిక్కుకుపోయిన ఎలక్ట్రానులు ఆ క్షేత్రాన్ని లోపలికి పోనివ్వడం లేదని బార్డీన్ వివరించాడు. ఆ దారిలో సాగిన బార్డీన్, బ్రాటెన్‌లు 1947 డిసెంబరులో జెర్మేనియం మీద రెండు లోహపు మొనలు ఆనించి మొట్టమొదటి ట్రాన్సిస్టరును పని చేయించారు.

బృంద నాయకుడైనా ఆ ఆవిష్కరణలో షాక్లీకి నేరుగా భాగం లేదు. ఈ లోటు ఆయనను బాగా కుదిపింది. కొద్ది వారాలలోనే, 1948 జనవరిలో, మొనలు అవసరం లేని సంధి ట్రాన్సిస్టరును కాగితం మీద రూపొందించాడు. ఎన్ రకం, పి రకం, మళ్ళీ ఎన్ రకం పొరలు ఒకే స్ఫటికంలో ఉంటే, నడిమి పొరలోకి పంపిన చిన్న కరెంటు మిగిలిన రెంటి మధ్య పెద్ద కరెంటును అదుపు చేయగలదని ఆయన లెక్క. 1951లో బెల్ సంస్థ ఈ ట్రాన్సిస్టరును ప్రకటించింది. మొనల ట్రాన్సిస్టరు త్వరలోనే మూలపడింది, సంధి ట్రాన్సిస్టరే నిలిచింది. అసూయ నుండి పుట్టినదైనా ఈ ఆలోచన మొదటిదానికన్నా గొప్పదని ఒప్పుకోక తప్పదు.

నాలుగు పొరల ఆలోచన

1950లో షాక్లీ ప్రచురించిన అర్ధవాహకాల గ్రంథం చాలా కాలం విద్యార్థులకు ప్రామాణికంగా ఉండేది. మొనల ట్రాన్సిస్టరులో కరెంటు లెక్కకు మించి పెరగడానికి కారణాన్ని వెతుకుతూ, కలెక్టరు వద్ద అదనంగా మరొక సంధి ఉంటే ఏమవుతుందో ఆయన పరిశీలించాడు. మూడు పొరలకు నాలుగవది చేరితే పి, ఎన్, పి, ఎన్ వరుస ఏర్పడుతుంది. ఇటువంటి అమరిక కరెంటును పెంచడమే కాక, ఒకసారి తెరుచుకున్నాక తనంతట తానే తెరిచి ఉండగలదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీకి కావలసిన స్విచ్చి సరిగ్గా ఇటువంటిదే.

1952లో బెల్ లోనే పని చేస్తున్న జె. జె. ఎబర్స్ ఈ నాలుగు పొరల ముక్కను రెండు ట్రాన్సిస్టర్ల జంటగా ఊహించి లెక్క కట్టాడు. నేటికీ పాఠ్యపుస్తకాలు థైరిస్టరును ఈ జంట సహాయంతోనే వివరిస్తాయి.

పని చేసే విధానం

నాలుగు పొరల మధ్య మూడు సంధులు ఉంటాయి. చివరి పి పొరను ఆనోడు అనీ, చివరి ఎన్ పొరను కాథోడు అనీ అంటారు. ఆనోడుకు ధన వోల్టేజి ఇచ్చినప్పుడు మొదటి, మూడవ సంధులు కరెంటుకు అనుకూలంగా ఉంటాయి. నడిమి సంధి మాత్రం ఎదురు తిరిగి ఉంటుంది. కాబట్టి అతి స్వల్పమైన లీకేజి కరెంటు తప్ప ఏమీ పారదు. వోల్టేజి ఉన్నా స్విచ్చి మూసే ఉంటుంది.

ఇప్పుడు ఈ ముక్కను నడుమ ఏటవాలుగా కోసినట్లు ఊహించాలి. పై మూడు పొరలు ఒక పిఎన్‌పి ట్రాన్సిస్టరు, కింది మూడు పొరలు ఒక ఎన్‌పిఎన్ ట్రాన్సిస్టరు అవుతాయి. నడిమి రెండు పొరలు ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి. పిఎన్‌పి కలెక్టరు నుండి వచ్చే కరెంటు నేరుగా ఎన్‌పిఎన్ బేసులోకి పోతుంది. ఎన్‌పిఎన్ కలెక్టరు లాగే కరెంటు పిఎన్‌పి బేసు నుండి వస్తుంది. అంటే ఒకరి సంపాదన మరొకరి పెట్టుబడి. ఎన్‌పిఎన్ బేసుకు కొద్దిపాటి కరెంటు తగిలిస్తే అది తన కలెక్టరులో దానిని పెంచుతుంది. పిఎన్‌పి దానిని మరింత పెంచి ఎన్‌పిఎన్ బేసుకే తిరిగి ఇస్తుంది. ఈ చక్రం మైక్రో సెకనులలో తిరిగి రెండు ట్రాన్సిస్టర్లూ పూర్తిగా తెరుచుకుంటాయి. ఆ తరువాత మొదట తగిలించిన కరెంటును తీసివేసినా ఇవి మూసుకోవు. బయటి వలయంలోని నిరోధం ఒక్కటే ఇక కరెంటుకు హద్దు.

ఎమిటరులో ప్రవేశించిన కరెంటులో కలెక్టరుకు చేరే భాగాన్ని ఆల్ఫా అంటారు. ఒక్కొక్క ట్రాన్సిస్టరుకు ఇది ఎప్పుడూ ఒకటి కన్న తక్కువే. రెండింటి ఆల్ఫాల మొత్తం ఒకటికి చేరువైన క్షణంలో స్విచ్చి తెరుచుకుంటుందని లెక్క చెబుతుంది. అయితే ఆ మొత్తం మొదటి నుండే ఒకటి ఉంటే స్విచ్చి ఎన్నడూ మూసుకోదు కదా? ఇక్కడ సిలికాను ఆదుకుంటుంది. కరెంటు బాగా తక్కువగా ఉన్నప్పుడు ఎమిటరు సంధిలోనే ఎలక్ట్రానులు, రంధ్రాలు కలిసి నశిస్తాయి కనుక సిలికానులో ఆల్ఫా చిన్నదిగా ఉంటుంది. కరెంటు పెరిగిన కొద్దీ ఆల్ఫా కూడా పెరుగుతుంది. జాన్ మోల్, మోరిస్ టానెన్‌బామ్, గోల్డీ, నిక్ హోలోన్యాక్‌లు బెల్‌లో సిలికానుతో పిఎన్‌పిఎన్ స్విచ్చీలు చేసి 1956లో ఈ సంగతిని ప్రచురించారు.

తెరుచుకున్న స్విచ్చిని మూయాలంటే ఆనోడు కరెంటును ఒక కనీస విలువ కన్న కిందికి దించాలి. దీనిని పట్టుకరెంటు అనవచ్చు. ఎ.సి. సరఫరాలో ఈ పని దానంతట అదే జరుగుతుంది. సెకనుకు 50 ఆవర్తాల సరఫరాలో ప్రతి 10 మిల్లీ సెకనులకు కరెంటు సున్నాకు వస్తుంది, థైరిస్టరు మూసుకుంటుంది. మరుసటి అర్ధావర్తంలో ఎంత ఆలస్యంగా తెరిస్తే అంత తక్కువ శక్తి అవతలికి చేరుతుంది. ఇళ్ళలో ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటర్లు చాలావరకు ఈ సూత్రం మీదనే పని చేస్తాయి. వాటిలో రెండు దిశలలోనూ తెరుచుకోగల ట్రయాక్ అనే తోబుట్టువు ఉంటుంది.

రెండు ట్రాన్సిస్టర్లతో నిర్మాణం

ఎబర్స్ ఊహ ఊహగా మిగిలిపోలేదు. ఏ ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణంలోనైనా దొరికే బిసి547 అనే ఎన్‌పిఎన్, బిసి557 అనే పిఎన్‌పి ట్రాన్సిస్టర్లతో దీనిని పరీక్షించవచ్చు. పిఎన్‌పి బేసును ఎన్‌పిఎన్ కలెక్టరుకు కలపాలి. పిఎన్‌పి కలెక్టరును ఎన్‌పిఎన్ బేసుకు కలపాలి. ఈ రెండవ కూడలే గేటు. పిఎన్‌పి ఎమిటరు ఆనోడు, ఎన్‌పిఎన్ ఎమిటరు కాథోడు అవుతాయి. ఒక్కొక్క ట్రాన్సిస్టరు బేసు, ఎమిటరుల మధ్య 1 కిలో ఓము నిరోధకం ఉంచాలి. 9 వోల్టుల బ్యాటరీ ధన ధ్రువం నుండి 470 ఓముల నిరోధకం, ఎర్ర ఎల్.ఇ.డి. మీదుగా ఆనోడుకు తీగ కలిపి, కాథోడును రుణ ధ్రువానికి కలపాలి.

దీపం వెలగదు. ధన ధ్రువం నుండి 4.7 కిలో ఓముల నిరోధకం ద్వారా గేటును ఒక్క క్షణం తాకితే వెలుగుతుంది, చేయి తీసినా వెలుగుతూనే ఉంటుంది. అప్పుడు పారే కరెంటు సుమారు 13 మిల్లీ ఆంపియర్లు. ఆనోడు, కాథోడుల మధ్య మిగిలే వోల్టేజి సుమారు 0.9. ఆర్పడానికి బ్యాటరీని ఒకసారి విడదీయవచ్చు. లేదా ఆనోడు, కాథోడులను ఒక తీగతో కలపవచ్చు. తీగ కలిపి ఉన్నంతసేపు దాని గుండా కరెంటు పారి దీపం వెలుగుతూనే ఉంటుంది, తీగ తీసినప్పుడే ఆరిపోతుంది. మొదటిసారి చేసేవారు ఇక్కడ తికమకపడతారు.

1 కిలో ఓము నిరోధకాలు తీసివేస్తే ఈ జంట మరీ సున్నితమవుతుంది. గేటు మీద వేలు పెట్టినా, బ్యాటరీని చటుక్కున తగిలించినా తెరుచుకుంటుంది. నిరోధకాలు లీకేజి కరెంటును పక్కకు మళ్ళించి పట్టుకరెంటును ఒక మిల్లీ ఆంపియరు స్థాయికి పెంచుతాయి. కర్మాగారంలో తయారయ్యే థైరిస్టర్లలో కూడా గేటు పొరను అక్కడక్కడ కాథోడు లోహానికి తాకించి ఇదే పని చేయిస్తారు.

అయితే ఈ జంట నిజమైన థైరిస్టరుకు పూర్తి ప్రత్యామ్నాయం కాదు. ఈ ట్రాన్సిస్టర్లు 45 వోల్టులు, 100 మిల్లీ ఆంపియర్లకు మించి తట్టుకోలేవు. నిజమైన థైరిస్టరు ఎదురు వోల్టేజిని కూడా ఆపుతుంది. ఈ జంటలో మాత్రం బ్యాటరీని తలక్రిందులు చేస్తే నిరోధకాల గుండా కరెంటుకు దారి ఉంటుంది. ఈ కారణాల వల్ల దీనిని ఇంటి కరెంటుకు ఎట్టి పరిస్థితులలోనూ కలపరాదు.

మౌంటెన్ వ్యూ ప్రయోగశాల

బెల్‌లో తనకు తగిన పదవి రాలేదన్న అసంతృప్తితో షాక్లీ 1955లో బయటికి వచ్చాడు. ఆర్నాల్డ్ బెక్‌మన్ పెట్టుబడితో 1956లో కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో షాక్లీ సెమీకండక్టర్ ప్రయోగశాలను స్థాపించాడు. తల్లి నివసిస్తున్న పాలో ఆల్టో పక్కనే ఉండడం ఆ చోటును ఎంచుకోవడానికి ఒక కారణం. తరువాతి కాలంలో సిలికాన్ వ్యాలీ అని పేరు పొందిన ప్రాంతంలో సిలికానుతో పని చేసిన తొలి సంస్థ ఇదే.

ప్రతిభను గుర్తించడంలో షాక్లీకి సాటి లేదు. రాబర్ట్ నోయిస్, గోర్డన్ మూర్, జీన్ హోర్నీ వంటి యువకులను ఏరి కోరి తెచ్చుకున్నాడు. వారిని నిలుపుకోవడం మాత్రం ఆయనకు చేతకాలేదు. ఉద్యోగులను అనుమానించేవాడు, ఒకరి పనిని మరొకరి చేత తనిఖీ చేయించేవాడు. చిన్న ప్రమాదం జరిగితే కుట్ర అనుకుని అబద్ధాలను పట్టే యంత్రంతో పరీక్షించాలన్నాడు. నోబెల్ బహుమతి వచ్చిన సంవత్సరమే ఆ ప్రయోగశాలలో పొగ రాజుకుంది.

అసలు చీలిక సాంకేతికమైనది. యువకులు సిలికాను ట్రాన్సిస్టర్లు చేసి అమ్మాలనుకున్నారు. షాక్లీ మాత్రం 1957 నాటికి సంస్థ శ్రమనంతా నాలుగు పొరల డయోడు వైపు మళ్ళించాడు. ఇది గేటు లేని థైరిస్టరు. రెండే కాళ్ళు ఉంటాయి. వోల్టేజి ఒక నిర్ణీత విలువ దాటితే నడిమి సంధి లొంగిపోయి స్విచ్చి తెరుచుకుంటుంది. వేలకొలది టెలిఫోన్ రిలేల స్థానంలో ఇవి చేరతాయని ఆయన ఆశించాడు. రెండే తీగలతో పని జరిగితే అంతకన్న పొదుపు ఏముంటుంది?

చిక్కు ఆ నిర్ణీత విలువతోనే వచ్చింది. అది పొరల మందం మీద, కలిపిన మాలిన్యాల పరిమాణం మీద ఆధారపడుతుంది. సిలికాను పలకను రెండు వైపులా నునుపు చేసి, రెండు వైపుల నుండీ మాలిన్యాలను చొప్పించవలసి ఉండేది. నాటి పనిముట్లతో ఒకే రకం డయోడ్లను వరుసగా తయారు చేయడం అసాధ్యంగా ఉండేది. ఒక్కొక్కటి ఒక్కొక్క వోల్టేజి వద్ద తెరుచుకుంటే ఎక్స్ఛేంజీకి ఏం ఉపయోగం? యువకులు చెప్పినది ఇదే. షాక్లీ వినలేదు.

1957 సెప్టెంబరులో నోయిస్, మూర్, హోర్నీలతో పాటు జే లాస్ట్, యూజీన్ క్లైనర్, షెల్డన్ రాబర్ట్స్, విక్టర్ గ్రినిచ్, జూలియస్ బ్లాంక్ కలిసి ఎనిమిది మంది రాజీనామా చేసి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ సంస్థను స్థాపించారు. 1959లో అక్కడే హోర్నీ సమతల విధానాన్ని, నోయిస్ దాని ఆధారంగా సిలికాను సమీకృత వలయాన్ని రూపొందించారు. నోయిస్, మూర్‌లు 1968లో ఇంటెల్‌ను స్థాపించారు. షాక్లీ ప్రయోగశాలను 1960లో క్లెవైట్ సంస్థకు అమ్మివేశారు. లాభం అన్నది ఆ సంస్థ ఎన్నడూ చూడలేదు. ఆయన పేరు మాత్రం షాక్లీ డయోడు అన్న మాటలో మిగిలింది. లోహానికీ అర్ధవాహకానికీ మధ్య సంధితో చేసే షాట్కీ డయోడు వేరు, అది జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ షాట్కీ పేరు మీద వచ్చినది. పరీక్షలలో ఈ రెండింటినీ తారుమారు చేయడం విద్యార్థులలో సాధారణం.

మూడవ కాలు

షాక్లీ వద్దనుకున్న మూడవ కాలును జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ తగిలించింది. అక్కడ గోర్డన్ హాల్ నాయకత్వంలోని బృందం 1957లో గేటు గల సిలికాను స్విచ్చిని తయారు చేసింది. ఫ్రాంక్ గుట్జ్‌విల్లర్ దాని ఉపయోగాలను మోటార్లు, దీపాలు, కొలిముల అదుపులో చూపించాడు. 1958లో అది మార్కెట్టులోకి వచ్చింది. గేటు ఉన్నప్పుడు లొంగిపోయే వోల్టేజి కచ్చితంగా ఉండనక్కరలేదు. అది పని చేసే వోల్టేజి కన్న బాగా ఎక్కువగా ఉంటే చాలు, ఎప్పుడు తెరవాలో గేటు నిర్ణయిస్తుంది. షాక్లీని వేధించిన తయారీ సమస్య ఈ విధంగా సమస్య కాకుండా పోయింది. థైరట్రాన్ అనే వాయువు నింపిన పాత ట్యూబు పేరును ట్రాన్సిస్టరుతో కలిపి తరువాత దీనికి థైరిస్టరు అని పేరు పెట్టారు.

సీలేరు నుండి గాజువాక వరకు

థైరిస్టర్లను వరుసగా పేర్చి లక్షల వోల్టులను తట్టుకునే కవాటాలు చేయడం సాధ్యమయ్యాక, ఎ.సి. విద్యుత్తును డి.సి.గా మార్చి దూరం పంపి తిరిగి ఎ.సి.గా మార్చే పద్ధతి ఊపందుకుంది. భారతదేశంలో దీనిని తొలిగా పరీక్షించిన చోట్లలో ఒకటి తూర్పు కనుమలలో ఉంది. నర్సీపట్నం నుండి చింతపల్లి మీదుగా ఘాటు రోడ్డు ఎక్కితే సీలేరు నది లోయ వస్తుంది. ఆ నదిపై కట్టిన జలవిద్యుత్ కేంద్రాలలో ఒకటి 460 మెగావాట్ల సామర్థ్యంతో నిర్మించిన దిగువ సీలేరు. అక్కడి నుండి నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బార్సూరుకు 196 కిలోమీటర్ల పొడవున, 200 కిలోవోల్టుల వద్ద 100 మెగావాట్లు పంపగల డి.సి. లైనును ప్రయోగాత్మకంగా నిర్మించారు. భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ సంస్థ ఇందులో ప్రధాన పాత్ర వహించింది. ఇది 1989లో పని ప్రారంభించింది.

ఆ ప్రాంతంలోనే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో ఇనుప ఖనిజం మోయడానికి 1980 దశకం చివర స్వీడన్, జపానుల నుండి థైరిస్టరు ఇంజన్లు దిగుమతి చేసుకుని వాల్తేరు షెడ్డులో ఉంచారు. 1999లో విశాఖపట్నం వద్ద గాజువాకలో 500 మెగావాట్ల డి.సి. కేంద్రం, 2005లో మరో 500 మెగావాట్లు ఏర్పడ్డాయి. అప్పట్లో తూర్పు, దక్షిణ గ్రిడ్లు ఒకే లయలో నడిచేవి కావు. వాటి మధ్య విద్యుత్తు ఇచ్చిపుచ్చుకోవడానికి ఈ థైరిస్టరు కవాటాలే వంతెన. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్డును మిగిలిన దేశంతో అనుసంధానించారు.

వివాదాస్పద అభిప్రాయాలు

1961లో షాక్లీ కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడు. 1963లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై 1975లో పదవీ విరమణ చేశాడు. ఈ కాలంలో ఆయన దృష్టి అర్ధవాహకాల నుండి జన్యుశాస్త్రం వైపు మళ్ళింది. నల్లజాతి వారి తెలివి పుట్టుకతోనే తక్కువ అనీ, తెలివి పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినవారు సంతాన నిరోధక శస్త్రచికిత్సకు ఒప్పుకుంటే డబ్బు ఇవ్వాలనీ ప్రచారం చేశాడు. జన్యుశాస్త్రంలో ఆయనకు శిక్షణ లేదు. పేదరికం, చదువు, వివక్ష వంటి కారణాలను ఆయన పక్కన పెట్టాడని ఆ రంగంలోని శాస్త్రవేత్తలు తిరస్కరించారు. ఈ విషయంపై పరిశోధన చేపట్టాలని ఆయన పదే పదే కోరినా అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ అంగీకరించలేదు. సంధి ట్రాన్సిస్టరు విషయంలో ప్రతి పదాన్ని లెక్కతో సరిచూసిన మనిషి ఈ విషయంలో తన ఊహనే రుజువుగా భావించడం విచిత్రం.

1982లో కాలిఫోర్నియా నుండి సెనేటు స్థానానికి రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిత్వం కోసం పోటీ చేసి చాలా కొద్ది ఓట్లు మాత్రమే పొందాడు. తన ఆలోచనలను నాజీల ప్రయోగాలతో పోల్చిన అట్లాంటా పత్రికపై పరువునష్టం దావా వేశాడు. 1984లో జ్యూరీ ఆయన పక్షాన తీర్పు ఇచ్చి, నష్టపరిహారంగా ఒక డాలరు ఇప్పించింది.

వ్యక్తిగత జీవితం, మరణం

షాక్లీ 1933లో జీన్ బెయిలీని వివాహం చేసుకున్నాడు. వారికి ముగ్గురు పిల్లలు. ఆమెతో విడిపోయిన తరువాత 1955లో ఎమ్మీ లానింగ్‌ను పెళ్ళాడాడు. ఆయనకు కొండలెక్కడం సరదా. న్యూయార్కు రాష్ట్రంలోని షావంగంక్ కొండలలో ఒక కష్టమైన దారికి ఆయన పేరు ఉంది.

వృద్ధాప్యంలో స్నేహితులు, పిల్లలు కూడా ఆయనకు దూరమయ్యారు. 1989 ఆగస్టు 12న స్టాన్‌ఫర్డ్‌లోని స్వగృహంలో ప్రోస్టేటు క్యాన్సరుతో మరణించాడు. అప్పుడు పక్కన ఉన్నది భార్య ఎమ్మీ. పిల్లలకు ఆయన మరణవార్త పత్రికల ద్వారా తెలిసింది.